ఆ ‘మొదటి మహిళ’ ఏ లెక్కన మొదటి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

మహిళల హక్కులు, విజయాలు ఆధారంగా పిల్లలకు తరచి ఆలోచించడం నేర్పడం గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల టీచర్లు, తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు. పాఠ్యపుస్తకాల్లో ‘విమర్శనాత్మక ఆలోచన’ అని రాస్తారు. విమర్శ అనగానే పిల్లలు తప్పులు పట్టడం అనుకుంటారు, అందుకే మేం ‘తరచి చూడడం’ అంటున్నాం.

ఏటా మార్చి 8కి వ్యాసరచన పోటీ పెడతాం. అరవై మందీ సావిత్రీబాయి, ఝాన్సీ లక్ష్మీబాయి, కల్పనా చావ్లా గురించి గైడులో ఉన్న అవే పది వాక్యాలు రాసిస్తారు. సొంతంగా ఆలోచించి రాసేలా చేయడం ఎలా?
– సోషల్ టీచర్, కావలి

ఈ ఒక్క ఏడాదికి వ్యాసం పక్కన పెట్టండి. గైడుల్లో కనిపించే అలాంటి వాక్యం ఒకటే తీసుకోండి. ‘భారతదేశపు మొదటి మహిళా డాక్టర్ ఆనందీబాయి జోషి’ అని బోర్డు మీద రాసి, దాని కింద ‘భారతదేశపు మొదటి మహిళా డాక్టర్ కాదంబినీ గంగూలీ’ అని రాయండి. రెండు వాక్యాలూ అచ్చులో కనిపించేవే. మరి రెండూ ఎలా నిజమవుతాయి?

పిల్లల చేతికి నాలుగు సమాచారాలు చీటీల మీద ఇవ్వండి. ఆనందీబాయి 1886లో అమెరికాలోని పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో పట్టా తీసుకుంది. 1887 ఫిబ్రవరిలో, ఇంకా ఇరవై రెండేళ్లు నిండకుండానే చనిపోయింది. కాదంబిని కలకత్తా మెడికల్ కాలేజీలో చదివి 1886లోనే అర్హత పొందింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి వైద్యం చేసింది. ఇక ఆ రెండు వాక్యాలనూ అబద్ధం లేకుండా తిరగరాయమనండి. ‘విదేశంలో పట్టా పొందిన’, ‘దేశంలోనే చదివి ప్రాక్టీసు పెట్టిన’ లాంటి మాటలు పిల్లలే తెచ్చుకుంటారు. ‘మొదటి’ అన్న మాట ఒంటరిగా నిలబడదని, దాని ముందు ఒక షరతు ఉండాలని వాళ్లకు చేత్తో పట్టుకున్నట్టు తెలుస్తుంది.

రెండో వాక్యంగా సావిత్రీబాయిని తీసుకోండి. ‘దేశంలో మొదటి బాలికల పాఠశాల పెట్టింది’ అని రాస్తారు. 1848లో పుణేలో ఫూలే దంపతులు బడి పెట్టేనాటికే క్రైస్తవ మిషనరీలు మన దేశంలో ఆడపిల్లల బడులు నడుపుతున్నారు. భారతీయులే పూనుకుని ఆడపిల్లల కోసం నడిపిన తొలి బడుల్లో అది ఒకటి అంటే ఎవరూ కాదనలేరు. ఇక్కడ ఒక పిల్లవాడు తప్పకుండా ‘అయితే ఆమె గొప్ప కాదా టీచర్?’ అంటాడు. ఆ ప్రశ్న కోసమే ఈ పాఠం. దారిలో పేడ, మట్టి విసిరినా బడికి వెళ్లిన మనిషి గొప్పతనం ‘మొదటి’ అన్న మాట మీద ఆధారపడి లేదు. తప్పు వాక్యం మీద నిలబెట్టిన గౌరవం, రేపు ఎవరో తప్పు చూపిస్తే దానితోపాటే పడిపోతుంది.

నలుగురికో జట్టు చొప్పున అరవై మందికి పదిహేను జట్లు. జట్టుకు రెండు వాక్యాలు చాలు. ఐదారు ఇస్తే చదవడంలోనే పీరియడ్ అయిపోతుంది. 45 నిమిషాల్లో 5 బోర్డు పనికి, 20 జట్లలో మాటలకు, 15 చదివి వినిపించడానికి, 5 తిరగరాయడానికి. ఎక్కడ చెడుతుందంటే, పదో నిమిషంలో నిశ్శబ్దం భరించలేక టీచరే జవాబు చెప్పేస్తారు. ఇంకోటి, ‘ఇద్దరూ గొప్పవాళ్లే’ అని పిల్లలు తప్పించుకుంటారు. అలా అన్నప్పుడు ‘సరే, వాక్యం రాసి చూపించు’ అనండి.

మాకు దూబగుంట దగ్గరే. అక్కడ రగిలిన సారా వ్యతిరేక ఉద్యమం మీద తొమ్మిదో తరగతి పిల్లల చేత ప్రాజెక్టు చేయించాలని ఉంది. ఇంటర్నెట్‌లో దొరికింది అంటించి తెచ్చే ప్రాజెక్టు కాకూడదు.
– ఉపాధ్యాయుడు, కలిగిరి మండలం

ఇంత దగ్గర్లో ఇంత మంచి పాఠం ఉన్న బడులు రాష్ట్రంలో తక్కువ. తొందరపడకండి, మూడు వారాలు పెట్టుకోండి. ఊళ్లోకి వెళ్లేముందు తరగతిలో రెండు పీరియడ్లు కావాలి.

మొదటి పీరియడ్‌లో గోడ మీద పొడుగాటి కాగితం అంటించి కాలరేఖ గీయించండి. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం, రాత్రి బడులు. వాచకంలో సారా గురించి చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు దుకాణం మీదికి వెళ్లడం. 1992లో జిల్లాలో సారా వేలం పాటలను అడ్డుకోవడం. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం. 1997లో దాని సడలింపు.

గీత పూర్తయ్యాక ఒకటే అడగండి: ‘చదువు ముందు వచ్చింది, ఉద్యమం తర్వాత వచ్చింది. అయితే చదువు వల్లే వచ్చిందా?’ తరగతంతా ఔనంటుంది. అప్పుడు, రాత్రి బడులు వేరే జిల్లాల్లోనూ నడిచాయి కదా, ఇక్కడే ముందు ఎందుకు రగిలింది అని అడగండి. కారణాల జాబితా పిల్లల నుంచే రావాలి: వాచకంలోని పాఠం, సాయంత్రం పూట ఆడవాళ్లంతా ఒకచోట కూర్చోవడం, ప్యాకెట్ సారా గడప దాకా రావడం, కూలి డబ్బు ఇల్లు చేరకపోవడం, అక్షరాస్యత కార్యకర్తల అండ. ఒక్కో కారణాన్నీ రెండు ప్రశ్నలతో పరీక్షించాలి. ఇది లేకపోయినా ఉద్యమం వచ్చేదా? ఇది ఒక్కటే ఉంటే వచ్చేదా? ఈ రెండు ప్రశ్నలూ అలవాటైన పిల్లవాడు ‘ఆ తర్వాత జరిగింది కాబట్టి దానివల్లే జరిగింది’ అన్న వాదనకు ఇక లొంగడు.

రెండో పీరియడ్ ప్రశ్నలు తయారు చేసుకోవడానికి. ‘సారా వల్ల మీరు చాలా కష్టాలు పడ్డారు కదా?’ అనడం ప్రశ్న కాదు, జవాబును నోట్లో పెట్టడం. ‘ఆ రోజు పొద్దున్నుంచి ఏం జరిగిందో చెప్తారా అమ్మమ్మా?’ అనడం ప్రశ్న. పిల్లలు ఒకరి మీద ఒకరు ప్రయోగించి చూసుకున్నాకే ఊళ్లోకి పంపండి.

ఒక్కో పెద్దావిడ దగ్గరికి ఇద్దరు పిల్లలు, అరగంటకు మించకుండా. ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. నోటుబుక్కు పేజీని నిలువుగా రెండు చేసి ఎడమవైపు ‘కళ్లతో చూసింది’, కుడివైపు ‘ఎవరో చెప్పగా విన్నది’ అని పెట్టండి. ‘అది మీరు చూశారా, విన్నారా?’ అన్న ఒక్క ప్రశ్నతో సగం పాఠం అయిపోతుంది. అప్పుడు పాతికేళ్లున్నవాళ్లు ఇప్పుడు అరవైకి చేరువలో ఉన్నారు, సంవత్సరం అడిగితే చెప్పలేరు. కావలి తుఫానుకు (1989 నవంబరు) ముందా తర్వాతా, రాజీవ్ గాంధీ చనిపోయిన ఏడాదా (1991), పెద్దబ్బాయి పుట్టాడా అప్పటికి – ఇలా అడిగితే తేదీ దానంతటదే దగ్గరపడుతుంది.

ఇద్దరు అమ్మమ్మలు రెండు రకాలుగా చెప్తారు. పిల్లలు కంగారుపడి ఒకదాన్ని కొట్టేస్తారు. కొట్టేయనివ్వకండి. రెండూ రాసుకుని, ఎవరు ఎక్కడ నిలబడి చూశారో అడిగి, ఆ నాటి పత్రికతోనూ ప్రభుత్వ ఉత్తర్వు తేదీతోనూ పోల్చమనండి. తేదీల విషయంలో ఉత్తర్వు గట్టిది. భయం, కోపం, నిర్ణయం ఎలా పుట్టాయన్న దానికి అమ్మమ్మ మాటే గట్టిది. ఏ ప్రశ్నకు ఏ ఆధారం పనికొస్తుందో తెలుసుకోవడం ఈ ప్రాజెక్టులో అసలు సరుకు.

జాగ్రత్తలు కొన్ని. ముందు అనుమతి అడగాలి. రాసింది చదివి వినిపించాలి, వద్దన్నది తీసేయాలి. పక్కనే కూర్చున్న కొడుకో, భర్తో జవాబులు అందుకుంటారు, అందుకని ‘అమ్మమ్మ చెప్పాక మీ మాటా రాసుకుంటాం తాతా’ అనడం పిల్లలకు నేర్పండి. తాగివచ్చిన భర్త కొట్టాడా అని పిల్లలు అడగనే కూడదు. ఆమే చెప్తే విని ఊరుకోవాలి, తరగతిలో వినిపించకూడదు. ఇప్పుడు జరుగుతున్న హింస గురించి చెప్తే వెంటనే మీకు తెలపాలి. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు మీ దగ్గర ఉంచుకోండి.

చివరగా, దూబగుంటలో ఈ ఉద్యమానికి ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ. ఆమె పేరు తప్పక రావాలి. అయితే ‘రోశమ్మ ఒక్కతే సారాను తరిమేసింది’ అని రాసిన పిల్లవాణ్ని ‘ఆ రోజు ఆమె పక్కన ఎవరెవరు నిలబడ్డారో కనుక్కుని రా’ అని మళ్లీ పంపండి. ఒక్క పేరు గుర్తుపెట్టుకోవడం తేలిక, అందుకే మిగతా పేర్లు పోతాయి. 1997లో నిషేధం సడలింది కదా, మరి ఉద్యమం గెలిచినట్టా ఓడినట్టా అన్నది ముగింపు పేజీకి ప్రశ్నగా ఇవ్వండి. దేనిలో గెలుపు, ఎంతకాలం గెలుపు అని పిల్లలు ముందుగా నిర్ణయించుకుని రాయాలి.

నేను లెక్కల టీచర్ని. మహిళా దినోత్సవమంటే సోషల్, తెలుగు వాళ్ల పని అనుకుంటారు. లెక్కల్లో ఏం చేయొచ్చు?
– పొదిలి

సగటుల పాఠం దీనితోనే చెప్పొచ్చు. దేశవ్యాప్తంగా 2019లో జరిగిన కాల వినియోగ సర్వేలో, ఇంటి పనికి మగవాళ్లు రోజుకు 97 నిమిషాలు, ఆడవాళ్లు 299 నిమిషాలు పెడుతున్నారని వచ్చింది. పిల్లలు చూడగానే మూడు రెట్లు అంటారు. ఇప్పుడు సగటు ఎవరి మీద తీశారో చూపించండి: ఆ రోజు ఇంటి పని చేసినవాళ్ల మీద మాత్రమే. అసలు చేసినవాళ్లు మగవాళ్లలో 26.1 శాతం, ఆడవాళ్లలో 81.2 శాతం. వందమంది మగవాళ్లను తీసుకుంటే 26.1 × 97, అంటే సుమారు 2,532 నిమిషాలు. తలకు 25. వందమంది ఆడవాళ్లకు 81.2 × 299, సుమారు 24,279. తలకు 243. మూడు రెట్లనుకున్నది దాదాపు పది రెట్లయింది. అంకెలు మారలేదు, హారం మారింది. హారంలో ఎవరున్నారు అని అడగడం ఈ వయసులో నేర్చుకుంటే పిల్లలు ఏ పేపరు చదివినా పనికొస్తుంది.

తర్వాత వాళ్ల ఇళ్ల లెక్క. కాగితం మీద అరగంటకో గడి చొప్పున 48 గళ్లు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు: ఉదయం 6తో మొదలుపెడతారు. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, నీళ్లు పట్టి, బర్రె పాలు పితికేసరికి ఆరవుతుంది. ఆ పనంతా కాగితం బయటే ఉండిపోతుంది. తెల్లవారుజాము 4 నుంచి మర్నాడు 4 వరకు పెట్టండి. ప్రతి గడిలో రెండు అరలు ఉండాలి: ‘చేస్తున్న పని’, ‘దాంతోపాటే చేస్తున్న పని’. పప్పు ఉడుకుతుండగా చంటిపిల్లను చూసుకోవడం రెండో అరలో పడుతుంది. మొత్తం వేసేటప్పుడు మొదటి అర మాత్రమే కూడాలి, లేకపోతే రోజు 1,440 నిమిషాలు దాటుతుంది. ఆ కూడిక సరిపోయిందా అన్నది కాగితం నిజాయతీకి తొలి పరీక్ష.

ఒక బుధవారం, ఒక ఆదివారం. రోజుకు మూడుసార్లు నింపాలి, రాత్రి పడుకునేముందు ఒకేసారి కూర్చుంటే అంతా ఊహే. నాట్ల రోజులా, పొగాకు గ్రేడింగ్ నడుస్తున్న రోజులా అన్నది పైన రాయాలి. పేరు వద్దు, వరస నంబరు చాలు. ఎవరింటి కాగితమో తరగతికి తెలియకూడదు.

ముప్పై కాగితాలు వచ్చాయనుకోండి. మంచాన పడ్డ అవ్వ ఉన్న ఒక ఇల్లు సగటును పైకి లాగేస్తుంది. అప్పుడు మధ్యగతం తీయించండి: ఆరోహణ క్రమంలో 15, 16 స్థానాల్లో ఉన్న సంఖ్యల సగటు. రెండింటికీ తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాలు రాయాలి.

ఒక చిన్న గమనిక. అమ్మ గడిలో ‘ఖాళీ’ అని వస్తే ఆ గంటలో చేతులు ఏం చేస్తున్నాయో అడిగి రమ్మనండి. బియ్యంలో రాళ్లు ఏరుతుంటాయి. అలాగే ‘నాన్న సాయం చేశాడు’ అన్న వాక్యం చాలా కాగితాల్లో వస్తుంది. ‘అమ్మ సాయం చేసింది’ అని ఒక్కరూ ఎందుకు రాయలేదో పది నిమిషాలు మాట్లాడుకోనివ్వండి.

తరగతిలో ఒక అబ్బాయి ‘కట్నమిచ్చి పంపాక ఆడపిల్లకు మళ్లీ ఆస్తి ఎందుకు మేడమ్?’ అన్నాడు. నోరు మూయించడం ఇష్టం లేదు, ఊరుకోవడమూ ఇష్టం లేదు. దీని మీద డిబేట్ పెట్టనా?
– హైస్కూల్ టీచర్, ఒంగోలు

పెట్టకండి. ‘ఆడపిల్లకు ఆస్తి హక్కు ఉండాలా వద్దా’ అని డిబేట్ పెడితే తరగతిలో సగం మంది తమ హక్కును తామే ఓట్లకు నిలబెట్టినట్టవుతుంది. చెప్పిన మాటను ఎలా పరీక్షించాలో నేర్పాలి, ఎవరి హక్కునో పరీక్షకు పెట్టడం కాదు. డిబేటే కావాలంటే ‘చట్టం ఉన్నా ఆడపిల్లలు వాటా ఎందుకు అడగడం లేదు?’ అని పెట్టండి.

ఆ అబ్బాయి మాటను బోర్డు మీద మూడు ముక్కలు చేయండి. ‘కట్నం ఇస్తారు’ అన్నది జరుగుతోందా లేదా అన్న విషయం. ‘కట్నమే ఆమె వాటా’ అన్నది చట్టం సంగతి. ‘రెండూ ఇవ్వడం అన్యాయం’ అన్నది న్యాయాన్యాయాల మాట. మూడింటినీ ఒకే ఆధారంతో తేల్చలేం.

చట్టం ముక్క ఇలా ఉంది. 1961 నుంచి కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరం. నేరమైన దాన్ని వాటా కింద జమ కట్టలేం. పైగా ఎవరు తీసుకున్నా అది ఆ అమ్మాయికే చెందాలని ఆ చట్టమే చెప్తుంది. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి ఉంది, అయితే ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు లేదు. దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చిన సవరణ పెళ్లితో సంబంధం లేకుండా ఇచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పూర్తయిన పంపకాలను మాత్రం కదపలేదు. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. తండ్రి సొంతంగా సంపాదించింది వేరు, దాన్ని ఆయన వీలునామా ద్వారా ఎవరికైనా రాయొచ్చు.

ఇప్పుడు లెక్క ఇవ్వండి. ఒక తండ్రి, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. పెద్దమ్మాయి పెళ్లి 1984లో, చిన్నమ్మాయిది 1990లో. ఉమ్మడి పొలం పంచుకోలేదు. 1995లో పంచుకుంటే ఎవరికి వాటా? 2006లో పంచుకుంటే? తండ్రి 2003లోనే పోయి ఉంటే? 1995లో పెద్దమ్మాయి బయట ఉంటుంది, 2006లో ఇద్దరూ లోపలికి వస్తారు, మూడోదానికి 2020 తీర్పు చూడాలి. అదే అమ్మాయి, అదే పొలం, తేదీ మారితే హక్కు మారింది. హక్కులు ఆకాశం నుంచి పడలేదని, ఎవరో పోరాడి రాయించారని ఈ లెక్క చెప్పినంత బాగా ఉపన్యాసం చెప్పదు.

ఇక న్యాయాన్యాయాల ముక్కను ఆ అబ్బాయికే వదిలేయండి. ఒకే షరతు: కొడుకు చదువుకు, వ్యాపారానికి ఇంట్లోంచి పెట్టిన ఖర్చును కూడా వాటాలో తగ్గించాలా అన్న ప్రశ్నకు కూడా అతను జవాబు రాయాలి.

పొగాకు గ్రేడింగ్‌లో, పొలంలో ఆడకూలి, మగకూలి వేరుగా ఉంటుంది. పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?
– ఒక తల్లి, కందుకూరు

ఒకే పనికి లేదా ఒకే తరహా పనికి ఆడామగా తేడాతో కూలి తగ్గించకూడదని 1976 సమాన వేతన చట్టం చెప్పింది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. పిల్లలు అడగాల్సింది ‘ఒకే తరహా పని’ అంటే ఏమిటని. మగవాళ్లది బరువు పని కాబట్టి ఎక్కువ అంటారు. మరి ఆకు రంగు, మచ్చ చూసి వేరుచేసే నేర్పుకు విలువ ఎవరు కట్టారు, ఎలా కట్టారు? బరువు, నేర్పు, గంటలు, వంగి చేసే పని అని నాలుగు గడులు గీసి ఒక్కో పనికి పది మార్కుల చొప్పున వేయమనండి. పిల్లలు వేసే మార్కులు ఒకదానికొకటి కలవవు. ఎందుకు కలవలేదో చెప్పించండి.

మొల్ల మా జిల్లా కవయిత్రి అని చెప్తే కొందరు కాదంటున్నారు. రాయల సభలో ఉండేదని కూడా పిల్లలు రాస్తున్నారు. ఏది సరి?
– తెలుగు టీచర్, ఆత్మకూరు

పిల్లలను మొల్ల మాటలు వేరు, మొల్ల గురించి ఇతరులు చెప్పిన మాటలు వేరు చేయమనండి. తండ్రి కేసన అని, గోపవరపు శ్రీకంఠ మల్లేశుని వరంతో కవిత్వం చెప్పానని రామాయణ అవతారికలో ఆమే చెప్పుకుంది. ఆ గోపవరం నెల్లూరు వైపుదా, బద్వేలు దగ్గరిదా అన్నదే వాదం. రాయల సభ సంగతి ఆమె చెప్పలేదు, అది తర్వాతి కథ. మన ఊరి మీద ప్రేమ ఉన్నా, ఆధారం ఆగిన చోట వాక్యం ఆగాలి. ‘గోపవరం మాదేనని నెల్లూరు వారు, కడప వారు చెప్పుకుంటారు’ అని రాస్తే పూర్తి మార్కులివ్వండి.

ఇలాంటి పాఠాలకు మార్కులు ఎలా వేయాలి? తల్లిదండ్రులకు జవాబు చెప్పాలి కదా.
– హెడ్మాస్టర్, ఉదయగిరి ప్రాంతం

పదికి వేయండి. చెప్పిన మాటకు ఆధారం చూపితే 3. ఆ ఆధారం ఎవరిది, చూసిందా విన్నదా అని రాస్తే 2. తన వాదనకు అడ్డొచ్చే సంగతి ఒక్కటైనా దాచకుండా రాస్తే 3. మొదట రాసిన వాక్యాన్ని సవరించి, ఎందుకు సవరించాడో చెప్తే 2. అందమైన అక్షరాలకు, అతికించిన బొమ్మలకు సున్నా, ఇది ముందే చెప్పాలి. టీచరు అభిప్రాయంతో ఏకీభవించినందుకు మార్కు లేదు, విభేదించినందుకు కోతా లేదు. మొదటిసారి మూడో వరసలో చాలామందికి సున్నా వస్తుంది. కాగితం తిరిగిచ్చి, ఎర్ర సిరాతో ఆ ఒక్క చోట గీత గీసి, వారం గడువివ్వండి.